పాఠం 17: మత సేవాసంస్థలు – పత్రికలతో సంబంధాలు

17.1 పరిచయం

మీరు మీ ఊరి చర్చి సేవాసంఘానికి కార్యదర్శిగా ఎన్నికయ్యారనుకోండి. వరద వచ్చింది. మీ సంఘం వారు మూడు రోజులు నిద్ర మానుకొని బియ్యం, దుప్పట్లు పంచారు. ఆ సంగతి మీరు పత్రికకు రాసి పంపారు. నాలుగోరోజు పత్రిక తెరిచి చూస్తే ఒక మూల రెండే వాక్యాలు ఉన్నాయి. వాటిలోనూ మీ సంఘం పేరు తప్పుగా పడింది.

ఆరు నెలలు గడిచాయి. మీ సంఘం నడిపే వసతిగృహంలో రాత్రి భోజనం తరువాత కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. ఈసారి మీరు ఎవరికీ రాయలేదు. అయినా తెల్లవారేసరికి గేటు ముందు నలుగురు విలేకరులు, ఇద్దరు కెమెరామన్లు నిలబడి ఉన్నారు. సంఘ పెద్దలలో ఒకరు "గేటు వేసెయ్యండి, పరువు పోతుంది" అంటున్నారు. మరొకరు "ఇదంతా గిట్టనివాళ్ల పని అని చెప్పండి" అంటున్నారు. అందరూ మీ ముఖం వైపే చూస్తున్నారు.

మొదటిసారి మీరు చెప్పదలచుకొన్నది పత్రికకు పట్టలేదు. రెండోసారి మీరు చెప్పదలచుకోనిదే పత్రికకు కావలసి వచ్చింది. ఎందుకిలా జరిగింది? రెండు సందర్భాల్లోనూ మీరు ఏమి చేసి ఉండవలసింది? ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకొందాం. మన ఉదాహరణలు ఎక్కువగా చర్చి సంస్థలవే అయినా, అన్నదానం చేసే దేవాలయ కమిటీకి, పాఠశాల నడిపే మసీదు ట్రస్టుకు, లంగరు నడిపే గురుద్వారాకు కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– సంస్థ సొంత పత్రికకు, ప్రజాపత్రికకు గల తేడాను వివరించగలుగుతారు;
– పత్రికకు పనికివచ్చే ప్రెస్‌నోట్ రాయగలుగుతారు;
– విశ్వాసానికి సంబంధించిన మాటను, వాస్తవానికి సంబంధించిన మాటను వేరుచేయగలుగుతారు;
– సాయం పొందినవారి మర్యాదను, పిల్లల గుర్తింపును ఎలా కాపాడాలో చెప్పగలుగుతారు;
– కష్టసమయంలో విలేకరులతో ఎలా మాట్లాడాలో, వార్త తప్పుగా వస్తే ఎవరికి రాయాలో తెలుసుకొంటారు.

17.3 సొంత పత్రిక వేరు, ప్రజాపత్రిక వేరు

మన దేశంలో మత సంస్థలకు, అచ్చుయంత్రానికి ఉన్న సంబంధం చాలా పాతది. 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ నుండి బాప్టిస్టు మిషనరీలు 'సమాచార్ దర్పణ్' అనే బెంగాలీ వారపత్రికను వెలువరించారు. తెలుగులో తొలి పత్రికగా చాలామంది పేర్కొనే 'సత్యదూత' కూడా 1835 ప్రాంతంలో బళ్ళారి నుండి క్రైస్తవ సంఘం వారు ప్రచురించినదే. ఈనాటికీ అనేక చర్చిలు, మఠాలు, ఆశ్రమాలు మాసపత్రికలు నడుపుతున్నాయి.

ఇవన్నీ సంస్థల సొంత పత్రికలు. వాటిని చదివేవారు ముందే ఆ సంస్థ మీద గౌరవం ఉన్నవారు. "దేవుని కృపవలన మహాసభలు జయప్రదంగా ముగిసాయి" అని రాస్తే వారు సంతోషిస్తారు. ప్రశ్నలు వేయరు.

ప్రజాపత్రిక సంగతి వేరు. దానిని అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ చదువుతారు. వారిలో మీ సంస్థ అంటే ఇష్టం లేనివారూ ఉంటారు. అందరికీ ఉమ్మడిగా పనికివచ్చే సమాచారాన్నే విలేకరి వెతుకుతాడు. ఏమి జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? ఎవరికి? ఎంత? ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే అది వార్త. దొరకకపోతే అది ప్రచారం. విలేకరి మీ సంస్థకు స్నేహితుడూ కాడు, శత్రువూ కాడు. అతడు పాఠకుని తరఫున వచ్చినవాడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే ఈ పాఠంలో సగం మీకు వచ్చినట్లే.

17.4 వార్త ఎవరి చేతుల మీదుగా పోతుంది?

మీరు ఇచ్చిన కాగితం నేరుగా అచ్చుకు పోదు. మండలంలో ఉండే కంట్రిబ్యూటర్ మొదట దానిని చూస్తాడు. తరువాత అది జిల్లా కేంద్రంలోని విలేకరికో, డెస్కుకో చేరుతుంది. అక్కడ ఉపసంపాదకుడు దానిని చదివి, కుదించి, శీర్షిక పెడతాడు. అతనికి ప్రతిరోజూ ఇలాంటి కాగితాలు ఎన్నో వస్తాయి. పేజీలో చోటు తక్కువ. సాయంత్రం దాటితే సమయమూ తక్కువే.

తెలుగు పత్రికల్లో ఊరి వార్తలకు చోటు పెరగడానికి ఒక కారణం ఉంది. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన 'ఈనాడు' 1989లో జిల్లాలవారీగా ప్రత్యేక అనుబంధాలు మొదలుపెట్టింది. ఆ తరువాత మిగిలిన పెద్ద పత్రికలూ ఆ దారినే నడిచాయి. దానివల్ల మండలస్థాయి విలేకరుల అవసరం పెరిగింది. ఊరిలో జరిగిన వైద్యశిబిరం, వరద సాయం కూడా అచ్చులో కనబడడానికి వీలు కలిగింది. కాబట్టి "మా చిన్న సంఘాన్ని ఎవరు పట్టించుకొంటారు?" అని మీరు అనుకోనవసరం లేదు. పట్టించుకొనేవారు ఉన్నారు. వారికి పనికివచ్చేటట్లు సమాచారం ఇవ్వడమే మీ పని.

ఇక్కడ మీరు మరొక విషయం గమనించాలి. డబ్బు చెల్లించి వేయించుకొనే వ్యాపార ప్రకటన వేరు, వార్త వేరు. డబ్బు తీసుకొని ప్రకటనను వార్తగా అచ్చువేయడాన్ని 'పెయిడ్ న్యూస్' అంటారు. 2010లో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఈ దురలవాటు మీద నివేదిక ఇచ్చింది. మీ సంస్థకు విదేశీ విరాళాలు వస్తూ ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం పత్రికల విలేకరులు, సంపాదకులు, యజమానులు విదేశీ విరాళం స్వీకరించకూడదు. కాబట్టి విలేకరికి కవరు ఇవ్వకండి. అతడు వచ్చినప్పుడు మంచినీళ్లు, టీ ఇవ్వండి. సరైన సమాచారం ఇవ్వండి. అది చాలు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
1. సొంత పత్రిక పాఠకునికి, ప్రజాపత్రిక పాఠకునికి గల ముఖ్యమైన తేడా ఏమిటి?
2. 1989 తరువాత తెలుగు పత్రికల్లో ఊరి వార్తలకు చోటు ఎందుకు పెరిగింది?

17.5 ప్రెస్‌నోట్ రాయడం

కింది రెండు నమూనాలు చదవండి. ఇవి మీ అభ్యాసం కోసం ఊహించి రాసినవి.

మొదటి నమూనా:
"సర్వశక్తుడైన దేవుని అపార కృపవలన, మా పూజ్యులైన సంఘకాపరిగారి నిరంతర ప్రార్థనల ఫలితంగా, ఆదివారంనాడు మహత్తరమైన వరద సహాయ కార్యక్రమం అత్యంత ఘనంగా జరిగినది. వేదికపై అనేకమంది పెద్దలు ఆసీనులై ప్రసంగించినారు. వందలాది బీదలు కన్నీళ్లతో కృతజ్ఞతలు తెలుపుకొన్నారు."

రెండవ నమూనా:
"వరదలో ఇళ్లు మునిగిన 212 కుటుంబాలకు మా సంఘం ఆదివారం సాయం అందించింది. ఒక్కొక్క కుటుంబానికి 10 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, ఒక దుప్పటి ఇచ్చాము. కుటుంబానికి రూ. 800 చొప్పున మొత్తం రూ. 1,69,600 ఖర్చయింది. ఇందులో రూ. 1,10,000 సంఘ సభ్యులు, రూ. 59,600 పట్టణ వర్తకులు ఇచ్చారు. జాబితాను గ్రామ రెవెన్యూ అధికారి సాయంతో తయారుచేశాము. రోడ్డు తెగిపోవడం వల్ల కాలువ అవతల ఉన్న 38 కుటుంబాలకు ఇంకా అందలేదు. బుధవారం పడవలో తీసుకొనిపోతాము. వివరాలకు: కార్యదర్శి పేరు, ఫోన్ నంబరు."

మొదటి నమూనాలో ఎంతమందికి ఏమి అందిందో తెలియదు. ఉపసంపాదకుడు అందులో నుండి రెండు వాక్యాలు కూడా పట్టుకోలేడు. పరిచయంలో మీ వార్త ఎందుకు చిన్నదైపోయిందో ఇప్పుడు అర్థమైంది కదా! రెండవ నమూనాలో ప్రతి వాక్యమూ ఒక ప్రశ్నకు జవాబు. కింది భాగం కోసివేసినా మొదటి రెండు వాక్యాలతో వార్త నిలుస్తుంది. అందువల్లనే ముఖ్యమైన సంగతిని మొదట రాయాలి.

రెండవ నమూనాలో మరొక మంచి గుణం ఉంది. చేయలేకపోయిన పనిని కూడా చెప్పింది. "38 కుటుంబాలకు ఇంకా అందలేదు" అనే వాక్యం సంఘానికి అవమానం కాదు. ఆ వాక్యం వల్ల మిగిలిన లెక్కలన్నీ నమ్మదగినవి అవుతాయి. అంతకన్న ముఖ్యంగా, ఆ వార్త చదివి ఎవరైనా కాలువ దాటడానికి పడవ పంపవచ్చు. సేవాసంస్థ వార్తకు అసలు ప్రయోజనం అదే.

ప్రెస్‌నోట్ రాసేటప్పుడు ఈ నియమాలు పాటించండి:
(అ) ఒక పేజీ దాటకండి. తేదీ, ఊరు, మండలం, జిల్లా తప్పక రాయండి.
(ఆ) సంస్థ పూర్తి పేరును, మనుషుల పేర్లను విడివిడి అక్షరాలుగా స్పష్టంగా రాయండి.
(ఇ) మొత్తాలను ఇద్దరు వేరువేరుగా కూడి చూడండి.
(ఈ) 'ఘనంగా', 'మహత్తరంగా', 'కనీవినీ ఎరుగని' వంటి మాటలు తీసివేయండి. ఘనమైనదో కాదో పాఠకుడు చెప్పుకొంటాడు.
(ఉ) కార్యక్రమం జరిగిన రోజే, సాయంత్రం లోపల అందజేయండి. ఈ-మెయిల్‌లో పంపినా, ఫోన్‌లో పంపినా, చేతికిచ్చినా మాటలు ఒకటిగానే ఉండాలి.

17.6 విశ్వాసం, వాస్తవం

మత సంస్థ నోట రెండు రకాల మాటలు వస్తాయి. "మేము 212 కుటుంబాలకు బియ్యం ఇచ్చాము" అన్నది వాస్తవం. ఎవరైనా వెళ్లి లెక్కపెట్టవచ్చు. "ఆ పని దేవుడే మాచేత చేయించాడు" అన్నది విశ్వాసం. దానిని నమ్మే హక్కు మీకు ఉంది. దానిని పరీక్షించే సాధనం విలేకరి దగ్గర లేదు. ఈ రెండింటినీ కలిపివేస్తే పాఠకుడు వాస్తవాన్ని కూడా అనుమానిస్తాడు.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ చూద్దాం. మదర్ థెరిసా కలకత్తాలో 1952లో దిక్కులేక చనిపోతున్నవారికోసం 'నిర్మల్ హృదయ్' అనే ఆశ్రయం ప్రారంభించారు. 1968లో బ్రిటన్‌లోని బి.బి.సి. టెలివిజన్ కోసం పాత్రికేయుడు మాల్కమ్ మగ్గరిజ్ ఆమెతో సంభాషించారు. ఆమె చాలా సాదాగా మాట్లాడారు. అయినా ప్రేక్షకుల నుండి ఉత్తరాలు, విరాళాలు వెల్లువగా వచ్చాయి. మరుసటి సంవత్సరం మగ్గరిజ్ బృందం కలకత్తా వచ్చి డాక్యుమెంటరీ చిత్రం తీసింది. ప్రపంచమంతటా ఆమె పేరు వ్యాపించడానికి ఆ చిత్రం ముఖ్యకారణమైంది. 1979లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఆ చిత్రీకరణ సమయంలో ఒక సంగతి జరిగింది. నిర్మల్ హృదయ్ లోపల వెలుతురు చాలా తక్కువ. బొమ్మ పడుతుందని ఎవరూ అనుకోలేదు. కాని ఫిల్మును కడిగి చూస్తే లోపలి దృశ్యాలు చక్కగా వచ్చాయి. అది దివ్యమైన వెలుగు అని మగ్గరిజ్ నమ్మారు. ఆ మాటే రాశారు. కెమెరామన్ కెన్ మెక్‌మిలన్ మాత్రం తరువాతి కాలంలో వేరే మాట చెప్పారు. అప్పుడే కొత్తగా వచ్చిన కోడాక్ ఫిల్ము వాడామని, తక్కువ వెలుతురులోనూ బొమ్మ పట్టగలగడం ఆ ఫిల్ము గుణమని వివరించారు. 1994లో మదర్ థెరిసాను విమర్శిస్తూ బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారమైన చిత్రంలో ఈ సంగతి ప్రముఖంగా వచ్చింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఏమిటి? దిక్కులేనివారిని వీధిలో నుండి ఎత్తుకొని వచ్చి కడిగి పడుకోబెట్టడం వాస్తవం. దానికి వేరే మహిమ అవసరం లేదు. పక్కన చేర్చిన మహిమే పాతికేళ్ల తరువాత విమర్శకుని చేతికి దొరికింది. కాబట్టి విశ్వాసాన్ని చెప్పదలచుకొంటే "ఇది మా నమ్మకం" అని విడిగా చెప్పండి. లెక్కల మధ్యలో కలపకండి.

రోగాల విషయంలో ఇది చట్టానికి కూడా సంబంధించిన సంగతి. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం ఒకటి ఉంది. తాయెత్తు, మంత్రం, కవచం వంటి మహిమగలవని చెప్పే వాటితో జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని అది నిషేధిస్తుంది. "మా సభకు వస్తే క్యాన్సర్ నయమవుతుంది" వంటి మాట ఏ మత సంస్థ కరపత్రంలోనూ ఉండకూడదు. ఆ మాట నమ్మి ఒక రోగి మందులు మానివేస్తే పోయేది ప్రాణం.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2
1. ప్రెస్‌నోట్‌లో చేయలేకపోయిన పనిని కూడా ఎందుకు చెప్పాలి?
2. కింది వాక్యాలలో వాస్తవం ఏది, విశ్వాసం ఏది?
(అ) శిబిరంలో 64 మందికి కంటి పరీక్షలు చేశాము. (ఆ) మా ప్రార్థన వల్లనే వాన ఆగింది.

17.7 సాయం పొందినవారి మర్యాద

వరద సాయం ఫొటోలలో తరచుగా ఒకే దృశ్యం కనబడుతుంది. ఒక ముసలమ్మ చేతిలో బియ్యం సంచి ఉంటుంది. ఆ సంచిని పదిమంది పెద్దలు పట్టుకొని కెమెరా వైపు చూస్తూ ఉంటారు. ఆ ముసలమ్మ స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. నిన్నటివరకు మీకూ ఒక ఇల్లు, ఇంట్లో బియ్యం డబ్బా ఉన్నాయి. ఈరోజు మీ అవసరం ఊరందరికీ బొమ్మ అయింది. అడిగితే మీరు ఒప్పుకొనేవారా?

ఫొటో తీసే ముందు అడగండి. అది ఎక్కడ అచ్చవుతుందో చెప్పండి. వద్దంటే వారికి అందవలసిన సాయం తగ్గదని కూడా చెప్పండి. బియ్యం పుచ్చుకోవడానికి చేతులు చాచి నిలబడిన మనిషి "వద్దు" అనడం చాలా కష్టం. అందువల్ల సాయం ముందు అందించి, ఫొటో సంగతి తరువాత అడగడం మంచిది.

పిల్లల విషయంలో మీ ఇష్టం, వారి ఇష్టం అన్న ప్రశ్నే లేదు. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం రక్షణ, పోషణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, పాఠశాల, ఫొటో వంటి గుర్తింపు వివరాలను వార్తా సాధనాలలో వెల్లడించకూడదు. ఉల్లంఘిస్తే ఆరునెలల వరకు జైలుశిక్ష గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అనాథ పిల్లలకు, విడిచివేయబడిన పిల్లలకు ఆశ్రయం ఇచ్చే సంస్థలు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. దాతలకోసం వేసే క్యాలెండరు మీద "ఈ బాలుని తల్లి ఇతనిని స్టేషనులో వదిలివేసింది" అని రాసి ఫొటో వేయకండి. ఆ బాలుడు పెరిగి పెద్దవాడైనా ఆ క్యాలెండరు ఎక్కడో ఒక గోడ మీద ఉండనే ఉంటుంది.

17.8 కష్టసమయంలో

ఇప్పుడు గేటు ముందు నిలబడిన విలేకరుల దగ్గరికి వద్దాం.

అన్నిటికన్న ముందు చేయవలసిన పనులు పత్రికకు సంబంధించినవి కావు. పిల్లలను ఆసుపత్రికి చేర్చాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. అధికారులకు తెలియజేయాలి. మిగిలిన అన్నం, కూర పారవేయకుండా పరీక్షకోసం ఉంచాలి. తల్లిదండ్రులు తమ బిడ్డ సంగతి టి.వి.లో చూసి తెలుసుకొనే స్థితి రాకూడదు.

తరువాత ఒక్కరే మాట్లాడాలి. పదిమంది మాట్లాడితే పది కథలవుతాయి. ఆ ఒక్కరూ నాలుగు సంగతులు చెప్పాలి:
(అ) మాకు తెలిసినది – "రాత్రి భోజనం తరువాత 14 మంది పిల్లలకు వాంతులయ్యాయి."
(ఆ) మేము చేసినది – "అందరినీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించాము. తల్లిదండ్రులకు తెలియజేశాము."
(ఇ) మాకు ఇంకా తెలియనిది – "కారణం ఇంకా తెలియదు. ఆహారం పరీక్షకు ఇచ్చాము."
(ఈ) మళ్లీ చెప్పే సమయం – "డాక్టరుగారితో మాట్లాడి పదకొండు గంటలకు మళ్లీ వస్తాను."

పదకొండు గంటలు అన్నారు కాబట్టి పదకొండు గంటలకు రావాలి. కొత్త సంగతి ఏమీ లేకపోయినా వచ్చి, లేదని చెప్పాలి. వంటమనిషి మీద నేరం మోపకండి. విచారణ ముగియకముందే "మా తప్పేమీ లేదు" అనకండి. "ఇది కుట్ర" అనకండి. పిల్లల పేర్లు చెప్పకండి, వార్డులోనికి కెమెరాలను పంపకండి.

ఇంతకన్న పెద్ద నేరం బయటపడిందనుకోండి. సంస్థలోనివారే ఒక బాలుని గాని బాలికను గాని లైంగికంగా హింసించారని మీకు తెలిసింది. అప్పుడు "మనలో మనం విచారించుకొందాం" అనే మాటకు తావులేదు. పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలియజేయకపోవడం శిక్షార్హం.

ఇలాంటి మౌనం ఎంత దూరం తీసుకొనిపోతుందో తెలుసుకోవడానికి అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూడండి. 2002 జనవరిలో 'బోస్టన్ గ్లోబ్' పత్రిక ఒక వార్తామాలిక ప్రారంభించింది. పిల్లలపై అత్యాచారాలు చేసినట్లు ఆరోపణలు వచ్చిన మతగురువులను బోస్టన్ అధిమేత్రాసనం ఏళ్ల తరబడి ఒక విచారణ గురుపీఠం నుండి మరొకదానికి బదిలీ చేస్తూ వచ్చిందని బయటపెట్టింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే అక్కడి కార్డినల్ బెర్నార్డ్ లా తన పదవికి రాజీనామా చేశారు. 2003లో ఆ పత్రికకు పులిట్జర్ బహుమతి వచ్చింది. సంస్థ పరువు కాపాడాలన్న మౌనం వల్ల పరువు దక్కలేదు. ఆ మౌనం సాగిన ఏళ్లలో బాధపడింది మాత్రం పిల్లలు.

మరొక సందర్భం. ఒకరోజు ఉదయం మీ ప్రార్థనామందిరం కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. "ఫలానా మతం వారే చేశారు" అని ఎవరో అంటారు. మీరు చూశారా? చూడలేదు. అయితే మీరు చెప్పవలసినది ఇంతే: "రాత్రి గుర్తుతెలియనివారు ఆరు అద్దాలు పగలగొట్టారు. ఎవరికీ గాయాలు కాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాము. అందరూ శాంతంగా ఉండాలని కోరుతున్నాము." మతాల మధ్య ద్వేషం పెంచే మాటలు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. ఈ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. పత్రికకు ఇచ్చే మాటకే కాదు, సెల్‌ఫోన్‌లో పంపే సందేశానికీ ఇది వర్తిస్తుంది. తప్పుడు మాట ఒక్కటి చాలు, సాయంత్రానికి ఎవరి ఇల్లు తగలబడుతుందో చెప్పలేము.

17.9 వార్త తప్పుగా వస్తే

మొదట వార్తను రెండుసార్లు చదవండి. అందులో ఉన్నది తప్పా, లేక మీకు నచ్చని నిజమా? నచ్చని నిజానికి ఖండన ఉండదు.

నిజంగానే తప్పయితే సంపాదకునికి మర్యాదగా ఉత్తరం రాయండి. ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పు, సరైన సంగతి ఏమిటి, దానికి ఆధారం ఏమిటి – ఇంతే రాయండి. విలేకరిని తిట్టకండి. పత్రికా కార్యాలయం ముందు బైఠాయించకండి.

సంపాదకుడు సరిదిద్దకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంస్థ మొదట 1966లో ఏర్పడింది. అత్యవసర పరిస్థితి కాలంలో రద్దయి, 1978 నాటి చట్టం కింద మళ్లీ ఏర్పాటయింది. దినపత్రికలు, వారపత్రికల మీద వార్త వచ్చిన రెండు నెలలలోపు ఫిర్యాదు చేయాలి. సంపాదకునికి రాసిన ఉత్తరం నకలు, వార్త కత్తిరింపు జతపరచాలి. కౌన్సిల్ పత్రికను హెచ్చరించవచ్చు, మందలించవచ్చు, అభిశంసించవచ్చు. జరిమానా గాని జైలుశిక్ష గాని విధించే అధికారం దానికి లేదు.

టి.వి. చానళ్లు ప్రెస్ కౌన్సిల్ పరిధిలోనికి రావు. వాటిపై 2021లో సవరించిన కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం మొదట చానల్‌కు, తరువాత చానళ్ల స్వయంనియంత్రణ సంఘానికి, ఆ పైన కేంద్రప్రభుత్వ వ్యవస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.3
1. కష్టసమయంలో ప్రతినిధి చెప్పవలసిన నాలుగు సంగతులు ఏవి?
2. ప్రెస్ కౌన్సిల్‌కు రాసే ముందు మీరు ఎవరికి రాయాలి?

17.10 మీరు నేర్చుకొన్నది

– విలేకరి పాఠకుని తరఫున వచ్చేవాడు. అతనికి కావలసినది సరిచూడగల సమాచారం.
– ముఖ్య విషయం మొదట, లెక్కలు సరిగా, పొగడ్తలు లేకుండా ప్రెస్‌నోట్ రాయాలి.
– విశ్వాసాన్ని విశ్వాసంగా, వాస్తవాన్ని వాస్తవంగా విడివిడిగా చెప్పాలి.
– సాయం పొందినవారి అనుమతి అడగాలి. ఆశ్రయంలోని పిల్లల గుర్తింపు వెల్లడించకూడదు.
– కష్టసమయంలో బాధితులు ముందు, సంస్థ పరువు తరువాత. తెలిసినది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి.
– వార్త తప్పయితే సంపాదకునికి, తరువాత ప్రెస్ కౌన్సిల్‌కు రాయాలి.

చేసి చూడండి: మీ ఇంటికి గాని, గ్రంథాలయానికి గాని వచ్చే దినపత్రిక జిల్లా పేజీలను వారంరోజులు చూడండి. మత సంస్థల సేవాకార్యక్రమాల వార్తలు కత్తిరించి పుస్తకంలో అంటించండి. ప్రతి వార్త పక్కన "ఎంతమందికి? ఏమి అందింది? డబ్బు ఎక్కడిది?" అని రాసి జవాబులు వెతకండి. జవాబు లేనిచోట ఖాళీ ఉంచండి. ఖాళీలను లెక్కపెట్టి మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. మీ ఊరిలో జరిగిన ఏదైనా ఒక సేవాకార్యక్రమం గురించి పది వాక్యాలలో ప్రెస్‌నోట్ రాయండి.
2. "పరువు కాపాడుకోవడానికి మౌనమే మంచిది" – ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
3. ఒక ఆశ్రమ నిర్వాహకుడు దాతలకోసం పిల్లల ఫొటోలు, వారి కథలు అచ్చువేయదలచాడు. అతనికి మీరు ఏమి సలహా ఇస్తారు?

17.12 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1: 1. సొంత పత్రిక పాఠకుడు ముందే సంస్థను గౌరవించేవాడు. ప్రజాపత్రిక పాఠకులలో అన్ని మతాలవారు, ఏ మతమూ లేనివారు, ప్రశ్నించేవారు ఉంటారు. 2. జిల్లా అనుబంధాలు రావడం వల్ల మండలస్థాయి వార్తల అవసరం పెరిగింది.
17.2: 1. మిగిలిన లెక్కలకు నమ్మకం కలుగుతుంది. అందనివారికి సాయం చేరే అవకాశం ఏర్పడుతుంది. 2. (అ) వాస్తవం. (ఆ) విశ్వాసం.
17.3: 1. తెలిసినది, చేసినది, ఇంకా తెలియనిది, మళ్లీ చెప్పే సమయం. 2. ఆ పత్రిక సంపాదకునికి.